పాత ఆయిల్‌కు చోటు చూసుకున్నాకే బోల్టు విప్పాలి

కారు ఇంజన్ ఆయిల్‌ను ఇంట్లోనే మార్చుకోవచ్చునా అని తిరుపతిలో ఎవరినైనా అడిగితే రెండు రకాల జవాబులు వస్తాయి. అరగంట పని, దానికోసం షెడ్డు దాకా పోవడమెందుకు అనేవారు కొందరు. లక్షలు పోసి కొన్న బండి కిందికి దూరి మనకు తెలియని పనిలో చేయి పెట్టడమెందుకు అనేవారు మరికొందరు. మా చిన్న పెట్రోలు కారుకు చాలాకాలంగా ఆయిల్ నేనే మారుస్తున్నాను కాబట్టి నన్ను మొదటి పక్షంలో చేర్చవచ్చు గానీ, ఆ పక్షంవారు చెప్పే కారణాలలో సగం నాకు నచ్చవు. ఈ పని ఇంట్లో చేసుకోవడం మంచిదే. అయితే డబ్బు మిగులుతుందని కాదు, మెకానిక్కులందరూ మోసగాళ్ళనీ కాదు. ఆయిల్ ఎప్పుడు మార్చాలన్న నిర్ణయం ఆ బండిని రోజూ నడిపేవారి చేతిలో ఉండాలి కాబట్టి మంచిది. దానికి ఒక షరతు కూడా ఉంది. బయటికి వచ్చే మూడు లీటర్ల పాత ఆయిల్ చివరికి ఎవరి చేతికి చేరుతుందో ముందుగానే తేల్చుకోలేనివారు ఇంజన్ అడుగున పాత ఆయిల్‌ను బయటికి వదిలే ఆ డ్రెయిన్ బోల్టు మీద స్పానరు పెట్టకూడదు. ఇంట్లో చేసుకోవచ్చని చెప్పేవారు చాలామందే ఉన్నారు. ఈ షరతు ఎవరూ చెప్పడం లేదు కనుక ఇంత పొడుగున రాయవలసి వస్తోంది.

డబ్బు సంగతి ముందు తేల్చేద్దాం. సర్వీసు బిల్లు తీసి చూస్తే ఈ పద్దులో పెద్ద భాగం ఆయిల్ ధరే ఉంటుంది, తర్వాత ఫిల్టరు ధర, ఆ తర్వాతే కూలీ. ఆయిల్, ఫిల్టరు మనమూ కొనవలసిందే. మిగిలేదల్లా ఆ కూలీ. జాకీ స్టాండ్లు, రింగు స్పానర్లు, ఫిల్టరు విప్పే పట్టీ, వెడల్పాటి టబ్బు, గరాటు, చేతి తొడుగులు కొన్న ఖర్చు ఆ కూలీతో తీరాలంటే కొన్నేళ్ళు పడుతుంది. ఆదివారం పొద్దుటి పూటకు కూడా వెల కడితే ఆదా అన్న మాటే ఎత్తనక్కర లేదు. ఇక కారుకు వారంటీ ఉన్నన్నాళ్ళూ దీని జోలికి పోకపోవడమే మేలు. రేపు ఇంజన్‌లో ఏదైనా తేడా వస్తే కంపెనీవారు సర్వీసు రికార్డు చూపమంటారు. ఇంట్లో చేసుకున్న పనికి మన నోటి మాట తప్ప రికార్డేదీ ఉండదు.

అసలు విషయం కాలవ్యవధి. మారుతి వంటి కంపెనీల చిన్న పెట్రోలు కార్లకు ఆయిల్ మార్పు 10,000 కిలోమీటర్లకు లేదా ఏడాదికి, ఏది ముందైతే దానికి అని చెబుతారు. అందరికీ గుర్తుండే అంకె ఇదే. అదే పుస్తకంలో మరికొన్ని పేజీల తర్వాత కఠినమైన వాడకానికి ఇంకొక పట్టిక ఉంటుందనీ, అందులో గడువు ఇంతకన్నా బాగా తక్కువగా ఉంటుందనీ చదివినవారు తక్కువ. కఠినమైన వాడకం అనగానే మనకు ఎడారులూ మంచు కొండలూ గుర్తుకొస్తాయి. పుస్తకం చెప్పేది మాత్రం మామూలు సంగతులే. మాటిమాటికీ చిన్న దూరాలు తిరగడం, దుమ్ము రోడ్లు, గంటల తరబడి ఆగి ఆగి నడపడం, బరువుతో ఎగువకు ఎక్కడం వంటివి. తిరుపతిలో కారున్న మధ్యతరగతి కుటుంబం వారం రోజుల ప్రయాణాలను ఒక కాగితం మీద రాసుకుంటే ఈ పట్టికలోని వరుసలు దాదాపు అన్నీ నిండిపోతాయి.

బైరాగిపట్టెడ నుంచి పిల్లను బడిలో దించి, లీలామహల్ సర్కిల్ దాకా వెళ్ళి కూరగాయలు తెచ్చుకునే కారు ఇంజన్ పూర్తిగా వేడెక్కే లోపే ఆగిపోతుంది. చల్లగా ఉన్న ఇంజన్‌కు కంప్యూటరు పెట్రోలు కాస్త ఎక్కువగా ఇస్తుంది. అందులో కొంత మండకుండా సిలిండరు గోడల వెంట జారి ఆయిల్‌లో కలుస్తుంది. మండిన పెట్రోలు నుంచి పుట్టే నీటి ఆవిరి కూడా పిస్టన్ రింగులను దాటి కిందికి దిగి, చల్లటి లోహం తగిలితే చెమ్మగా మారుతుంది. దూరప్రయాణం చేసే బండిలో ఆయిల్ బాగా కాగి ఈ రెండూ ఆవిరైపోతాయి. రెండు మూడు కిలోమీటర్లకు ఆగిపోయే బండిలో అవి అక్కడే ఉండిపోయి, ఆయిల్‌ను పల్చబరుస్తాయి, ఆమ్లాలు పుట్టిస్తాయి. వేడి ఊరు కదా, చెమ్మ ఎక్కడిది అని అడిగేవారున్నారు. ఎండ వల్ల ఇంజన్ కాస్త త్వరగా వేడెక్కే మాట నిజమే గానీ, ఆయిల్ కాగడం రేడియేటరు నీళ్ళకన్నా చాలా వెనక జరుగుతుంది. వేడి చూపే సూది మధ్యకు వచ్చినంత మాత్రాన ఆయిల్ కాగినట్టు కాదు.

ఇక ఘాట్ రోడ్డు. 1944లో వచ్చిన మొదటి ఘాట్ రోడ్డు మీద ఇప్పుడు కొండ దిగుతున్నాం, తర్వాత వేసిన రెండో దాని మీద ఎక్కుతున్నాం. అలిపిరి నుంచి ఇరవై కిలోమీటర్లకు లోపు దూరంలోనే దాదాపు ఏడు వందల మీటర్లు పైకి ఎక్కాలి. నలుగురు మనుషులు, సామాను, ఏసీ, ముందు నిండు బస్సు. ఆ స్థితిలో చిన్న ఇంజన్ రెండో గేరులో గట్టిగా తిరుగుతూ ఉంటుంది గానీ బండి వేగం తక్కువ కాబట్టి ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే సంపుకు తగిలే గాలి ఉండదు. హైవే మీద వంద కిలోమీటర్లు పోయిన బండికన్నా ఆ కొద్ది దూరంలోనే ఆయిల్ ఎక్కువ కష్టపడుతుందని చెప్పడానికి పెద్ద శాస్త్రం అక్కరలేదు. చెన్నై నుంచో బెంగళూరు నుంచో ఏడాదికొకసారి వచ్చేవారికి అది ఒక్కరోజు ముచ్చట. ఊరి చుట్టాలు దర్శనానికి వచ్చినప్పుడల్లా కొండెక్కే మన కార్లకు అది మామూలు దినచర్య.

వీటన్నింటికన్నా నాకు బలంగా తోచే కారణం వేరే ఉంది. ఓడోమీటరు చక్రాలు తిరిగిన దూరాన్ని లెక్కబెడుతుంది, ఇంజన్ తిరిగిన సేపును లెక్కబెట్టదు. అలిపిరి చెక్‌పోస్టు దగ్గర బారులో ఏసీ వేసుకుని నిలబడిన కారుకు ఆ ముప్పావు గంటలో వంద గజాల దూరమే నమోదవుతుంది. గరుడ వారధి ఫ్లైఓవరు (మొన్నటిదాకా శ్రీనివాస సేతు) వచ్చాక ఊరి నడిబొడ్డు దాటడం తేలికైంది కానీ, కింది రోడ్లలో బ్రహ్మోత్సవాల రోజుల్లోనూ వేసవి సెలవుల్లోనూ ఎంతసేపు ఆగుతామో ఇక్కడివారికి చెప్పనక్కర లేదు. పదివేల కిలోమీటర్ల అంకెను పట్టుకుని కూర్చుంటే ఆ గంటలన్నీ లెక్కలోకి రాకుండానే పోతాయి. సర్వీసు సెంటరులో మన బండిని చూసే మనిషికి తెలిసేది ఓడోమీటరు మాత్రమే. మిగిలింది మనకే తెలుసు. అందుకే నేను ఐదువేల కిలోమీటర్లకు లేదా ఆరు నెలలకు, ఏది ముందైతే దానికి మారుస్తాను. ఇది ఆయిల్ కంపెనీలకు లాభం చేకూర్చే సలహాలా వినిపించవచ్చు. రోజూ రేణిగుంట మీదుగా హైవే పట్టి చాలా దూరం వెళ్ళి వచ్చేవారికి మాత్రం పదివేలే చాలు, వారు ఐదువేలకు మారిస్తే అది వృథా. ఒకే మోడలు, ఒకే రంగు కార్లు రెండింటికి రెండు గడువులు ఉండటం సహజమన్నదే నేను చెప్పదలచుకున్నది.

ఆయిల్ పాడైందో లేదో రంగు చూసి చెప్పే పద్ధతి మనవాళ్ళలో బాగా పాతుకుపోయింది. గేజి పుల్లను పైకి తీసి, ఆ చుక్కను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య రుద్ది, "ఏం సార్, ఇంత నల్లగా ఉండాదే, దీంట్లో ఇంకేముండాది" అంటారు షెడ్డులో. నల్లబడటం దానంతటది దోషం కాదు. ఇంజన్ ఆయిల్ అంటే వట్టి నూనె కాదు. మసిని లోహానికి అంటుకోనివ్వకుండా తనలో తేలియాడించే రసాయనాలు, ఆమ్లాన్ని విరిచేసే కాల్షియం, మెగ్నీషియం లవణాలు, అరుగుదలను ఆపే జింకు సమ్మేళనాలు, వేడికి మరీ పల్చబడకుండా చూసే పాలిమర్లు అందులో కలిసి ఉంటాయి. బట్టలుతికిన నీళ్ళు మురికయ్యాయంటే సబ్బు పని చేసిందని అర్థం, ఇక్కడా అంతే. దీనికి విరుద్ధంగా, తేనెరంగులో మెరిసే ఆయిల్‌లోనే పెట్రోలు కలిసి సత్తువ పోయి ఉండవచ్చు. గేజి పుల్ల కంటికి చెప్పగలిగేది మట్టం ఒక్కటే. మట్టం తగ్గిందా, లేక ఎవరూ పోయకుండానే పెరిగిందా అన్నది చూడాలి. పెరిగితే పెట్రోలో నీళ్ళో కలుస్తున్నట్టు లెక్క, అది రంగుకన్నా వందరెట్లు ముఖ్యమైన సమాచారం. ఆ పుల్ల వాసన కూడా చూడవచ్చు. పెట్రోలు వాసన గుప్పుమంటే గడువు దాకా ఆగనక్కర లేదు.

ఎండలను చూపి చిక్కటి ఆయిల్ పోయించే సలహా ఇంకొకటి. "మన తిరుపతి ఎండకు అంత పల్చటి ఆయిల్ తట్టుకోదు సార్, ఇరవై యాభై పోసుకోండి" అని ఎంతో మంచి మనసుతోనే చెబుతారు. మే నెలలో నలభై దాటే ఊరిలో ఆ మాట సబబుగానే వినిపిస్తుంది. కానీ డబ్బా మీది 5డబ్ల్యూ-30 వంటి గుర్తులో రెండో అంకెను కొలిచేది వంద డిగ్రీల వేడి దగ్గర. అమెరికాలోని ఎస్ఏఈ అనే ఇంజనీర్ల సంఘం 1911లో మొదలుపెట్టి మార్చుకుంటూ వచ్చిన ప్రమాణం అది. దాని ప్రకారం వంద డిగ్రీల దగ్గర 30 రకం ఆయిల్ చిక్కదనం 9.3 నుంచి 12.5 సెంటీస్టోకుల లోపు ఉండాలి, 50 రకానికి 16.3 నుంచి 21.9 లోపు ఉండాలి. ఊటీలో పది డిగ్రీలున్నా తిరుపతిలో నలభైమూడున్నా థర్మోస్టాటు ఇంజన్‌ను ఇంచుమించు ఒకే వేడి దగ్గర, అంటే ఎనభై తొంభై డిగ్రీల ప్రాంతంలో, పట్టి ఉంచుతుంది. బయటి ఎండ ఆ వేడిని పెంచేది కొంచెమే. ఇప్పటి చిన్న ఇంజన్లలో బేరింగుల సందులు సన్ననివి, వాల్వు టైమింగును ఆయిల్ ఒత్తిడితో మార్చే ఏర్పాట్లు కూడా ఉంటాయి. వాటికి 0డబ్ల్యూ-16 లేదా 0డబ్ల్యూ-20 అని పుస్తకం చెప్పిన చోట 20డబ్ల్యూ-50 పోస్తే పొద్దున స్టార్టు చేసినప్పుడు పైనున్న క్యామ్‌షాఫ్టు దాకా ఆయిల్ చేరడం ఆలస్యమవుతుంది, మైలేజీ కూడా తగ్గుతుంది. ఇరవయ్యేళ్ళు దాటిన పాత ఇంజన్ అయి, పొగ విడుస్తూ ఆయిల్ తాగుతుంటే అది వేరే కథ. మిగతావారు పుస్తకంలో రాసిన అంకెనే కొనాలి. దాంతోపాటు పుస్తకం అడిగిన ఏపీఐ (అమెరికా పెట్రోలియం సంస్థ) తరగతి, అంటే ఎస్ఎన్ లేదా 2020లో వచ్చిన ఎస్‌పీ, డబ్బా మీద ఉందో లేదో చూడాలి. నకిలీ డబ్బాలు తిరిగే సరుకు ఇది, కాబట్టి ధర బాగా తగ్గించి ఇస్తామన్న చోట కొనకూడదు.

పని విషయానికి వద్దాం. చిన్న కారుకు నేలకూ సంపుకూ మధ్య జానెడు కూడా ఉండదు, కనుక బండిని పైకి లేపక తప్పదు. డిక్కీలో ఉండే జాకీ టైరు మార్చడానికి ఇచ్చినది, దాని మీద నిలబెట్టిన బండి కిందికి తల పెట్టడం ప్రాణంతో ఆట. జాకీతో లేపాక రెండు వైపులా స్టాండ్లు పెట్టాలి, వెనుక చక్రాలకు చెక్కలు అడ్డం వేయాలి, ఆ తర్వాత భుజంతో బండిని ఒకసారి గట్టిగా తోసి కదలడం లేదని చూసుకోవాలి. మా వైపు ఇళ్ళ పోర్టికోలలో నున్నటి పార్కింగు టైల్సు వేస్తున్నారు. వాటి మీద జాకీ అడుగు జారుతుంది, కింద మందపాటి పలక వేయాలి. గేటు దగ్గరి వాలు మీద ఈ పని అసలే కూడదు. స్టాండ్లు కొనే ఉద్దేశం లేనివారు ఇక్కడితో చదవడం ఆపి షెడ్డుకు వెళ్ళడం మంచిది, అందులో చిన్నతనమేమీ లేదు.

వీధి చివరి దాకా ఒక చుట్టు తిప్పి తెస్తే ఆయిల్ గోరువెచ్చగా అయి బాగా జారుతుంది. మరీ వేడిగా ఉంటే చేయి కాలుతుంది. పైన పోసే మూత ముందే తీసి పెడితే గాలి ఆడి, ధార సాఫీగా వస్తుంది. డ్రెయిన్ బోల్టుకు సరిగ్గా సరిపోయే రింగు స్పానరే వాడాలి, ఓపెన్ స్పానరు పెడితే బోల్టు మూలలు అరిగిపోతాయి. మొదటి పావు చుట్టు స్పానరుతో వదులయ్యాక మిగతాదంతా వేళ్ళతోనే తిప్పాలి. తిప్పుతున్నంతసేపూ బోల్టును సంపు వైపు నొక్కి పట్టుకుంటే చివరి మర దాటేదాకా చుక్క కూడా కారదు. దాటిందని వేలికి తెలియగానే బోల్టును చటుక్కున పక్కకు తీయాలి. ధార మొదట్లో రంధ్రానికి కాస్త దూరంగా వంపు తిరిగి పడుతుంది. నడుమ నల్లగా, వెలుతురు తగిలే అంచుల్లో గోధుమరంగుగా ఉంటుంది. మట్టం తగ్గే కొద్దీ ఆ వంపు వెనక్కి తగ్గుతూ వచ్చి, చివరికి రంధ్రం కిందనే నిట్టనిలువుగా సన్నటి తీగ అవుతుంది. టబ్బును ఈ రెండు చోట్లకూ సరిపడేలా పెట్టకపోతే మొదటి ధారో చివరి ధారో నేల పాలవుతుంది. తీగ తెగి చుక్కలయ్యాక కూడా పావుగంట వదిలేయాలి. హడావుడిగా నడిచే చోట దొరకనిది ఈ పావుగంటే.

ఆ సమయంలో బోల్టును బనియన్ గుడ్డతో తుడిచి చూడవచ్చు. మెత్తటి బూడిదరంగు ముద్ద కొద్దిగా ఉంటే అది మామూలు అరుగుదల. గోటికి తగిలే మెరిసే లోహపు పెళ్ళలుంటే కొత్త ఆయిల్ పోసే ముందు తెలిసిన మెకానిక్కుకు చూపించాలి. బోల్టు కింది వాషరు ఒకసారి నొక్కుకున్నాక అంచు వెంట మెరిసే గాడి పడుతుంది. కొత్తది పది ఇరవై రూపాయలే, ప్రతిసారీ మార్చాలి. బిగించేటప్పుడు మాత్రం బలం చూపకూడదు. మా కారు పుస్తకంలో బోల్టుకు ఇచ్చిన బిగువు 35 న్యూటన్ మీటర్లు, అంటే పొట్టి స్పానరుతో ఒంటి చేత్తో చేరుకోగలిగినంతే. సంపు మరలు పోయిన బండ్లలో చాలావాటికి కారణం అవసరానికి మించి బిగించడమే. గాలి గన్నుతో బర్రుమని బిగించే చోట్లకు నేను కారును ఇవ్వకపోవడానికి ఇది చాలు.

ఫిల్టరు దగ్గర చూడవలసింది ఒక్కటే గానీ అది తప్పిపోతే ఇంజన్‌కే ముప్పు. పాత ఫిల్టరుతో పాటు దాని రబ్బరు వలయం కూడా ఊడి వచ్చిందో లేదో చూడాలి. ఒక్కోసారి అది ఇంజన్‌కే అంటుకుని ఉండిపోతుంది. దాని మీద కొత్తది బిగిస్తే రెండు రబ్బర్ల మధ్య నుంచి ఒత్తిడికి ఆయిల్ చిమ్మి నిమిషాల్లో సంపు ఖాళీ అవుతుంది. కొత్త రబ్బరుకు వేలితో కాస్త కొత్త ఆయిల్ రాసి, తగిలేదాకా తిప్పి, అక్కడి నుంచి ముప్పావు చుట్టు చేత్తోనే బిగిస్తే సరిపోతుంది. పోయవలసిన కొలత పుస్తకంలో ఫిల్టరుతో కలిపి ఒకటి, ఫిల్టరు లేకుండా ఒకటి ఉంటుంది. అందులో అరలీటరు తగ్గించి పోసి, ఇంజన్‌ను అరనిమిషం తిప్పి, ఆయిల్ ఒత్తిడిని చూపే ఎర్ర దీపం ఆరిందని చూసి, ఆపి, ఐదు నిమిషాలాగి గేజి పుల్లతో సరిచూసుకుంటూ మిగతాది పోయాలి. పై గీత దాటించడం మంచితనం కాదు. మట్టం మరీ పెరిగితే తిరిగే క్రాంకు దాన్ని చిలికి నురగ చేస్తుంది, నురగ బేరింగును కాపాడదు.

ఇంతవరకు చెప్పింది ఎక్కడైనా దొరుకుతుంది. టబ్బులో మిగిలినదాని గురించే ఎవరూ మాట్లాడరు. దానికి మన ఊళ్ళలో గిరాకీ లేకపోలేదు. నేను టబ్బును క్యానులోకి వంపుతుండగా మా వీధిలో ఇల్లు కడుతున్న కూలీ ఒకరు గేటు దగ్గర నిలబడి, "సామీ, పారేసేదైతే మాకియ్యండి, సెంట్రింగు చెక్కలకు పనికొస్తాది" అన్నారు. పాకల గుంజలకు చెదలు పట్టకుండా పూయడానికి, గేటు బందులకు కందెనగా, దుమ్ము లేవకుండా మట్టి దారి మీద చల్లడానికి కూడా అడుగుతారు. పారేయడం కన్నా నయమే కదా అనిపిస్తుంది. నాకు అలా అనిపించదు. సెంట్రింగు చెక్కకు దాన్ని పూసే మనిషి చేతికి తొడుగు ఉండదు, పాత గుడ్డ ముంచి మోచేతి దాకా పులుముకుంటాడు. ఇంజన్‌లో తిరిగిన ఆయిల్‌లో పెట్రోలు మసి నుంచి వచ్చిన బహువలయ హైడ్రోకార్బన్లు, అరిగిన లోహాల రేణువులు ఉంటాయి. అది చర్మానికి పదేపదే తగిలితే చర్మ క్యాన్సరు రావచ్చన్న హెచ్చరిక ఆయిల్ డబ్బాల మీదే చిన్న అక్షరాలలో కనిపిస్తుంది. ఆరు నెలలకొకసారి తొడుగు వేసుకుని ముట్టుకునే నాకు ఆ ముప్పు స్వల్పం. రోజూ అదే పని చేసేవారికి నా డబ్బాను ఉచితంగా అందించడం దానం కింద లెక్క కాదు. ఇక గుంజకు పూసినా దారిలో చల్లినా అది నేలలోకి దిగేదే. సెంట్రింగు కోసమే తయారుచేసిన ఆయిల్ కొట్లలో అమ్ముతారు. మేస్త్రీలకు ఆ ఖర్చు తప్పించే బాధ్యత మనది కాదు.

నేలలోకి దిగితే ఏమవుతుందో తిరుపతిలో వేరే చెప్పాలా? వీధివీధికీ బోర్లున్న ఊరు. కొండ మీద పడిన వాన కిందికి దిగి, కాలువల్లోంచి, చెరువుల్లోంచి స్వర్ణముఖి వైపు పోయే ఊరు. ఒక్కసారి ఆయిల్ మారిస్తే వచ్చే పాత ఆయిల్ పది లక్షల గ్యాలన్ల, అంటే ముప్పైఎనిమిది లక్షల లీటర్ల, మంచినీటిని పాడుచేయగలదని అమెరికా పర్యావరణ సంస్థ చెబుతుంది. 2021 నవంబరు వానలకు ఇక్కడి పార్కింగుల్లోకి నీళ్ళు వచ్చినప్పుడు వాటి మీద రంగురంగులుగా తేలిన పొరను చూసినవారికి ఆ లెక్క అతిశయోక్తిగా తోచదు. కాలువలో పోయడం, ఖాళీ స్థలంలో గుంత తీసి పోయడం, మూత బిగించి చెత్త బండిలో వేయడం, ఇవన్నీ నాకు ఒకటే. చెత్త బండిలో వేసిన డబ్బా తూకివాకం చెత్త కేంద్రం చేరే లోపే పగిలి తడిచెత్త మీద ఒలుకుతుంది, ఆ చెత్త ఎరువుకు కూడా పనికిరాదు.

చట్టం దీన్ని ఎప్పుడో గుర్తించింది. 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నిబంధనలలో వాడిన ఆయిల్ ప్రత్యేకంగా ఉంది. దాన్ని శుద్ధి చేసేవారికి కాలుష్య నియంత్రణ మండలి అనుమతి ఉండాలి. 2023 సెప్టెంబరులో చేసిన సవరణ 2024 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చి, ఆయిల్ తయారుచేసే, దిగుమతి చేసే కంపెనీల మీదే వాడిన ఆయిల్‌ను రీసైక్లింగుకు చేర్పించే బాధ్యత పెట్టింది. ఈ ఏర్పాటు వెనుక ఒక సూటి సంగతి ఉంది. ఆయిల్‌లో పాడయ్యేవి కలిపిన రసాయనాలు, చేరేది మురికి. మూల నూనె చాలావరకు అలాగే ఉంటుంది. వాక్యూమ్‌లో మరగబెట్టి శుద్ధి చేస్తే మళ్ళీ ఇంజన్ ఆయిల్‌కు పనికివచ్చే మూల నూనె వస్తుంది. అయితే దానిలో కూలెంటో బ్రేకు ఆయిలో థిన్నరో కలిస్తే ఆ దారి మూసుకుపోతుంది. అందుకే పాత ఆయిల్‌ను వేరే దేనితోనూ కలపకుండా, కొత్త ఆయిల్ వచ్చిన డబ్బాలోకే గరాటు పెట్టి వంపాలి. పాత ఫిల్టరును కూడా మూతి కిందికి పెట్టి రాత్రంతా వదిలేస్తే అందులోంచి ఇంకా ఎంత దిగుతుందో చూసినవారు ఆశ్చర్యపోతారు. నేల మీద చుక్క పడితే ఇసుకో రంపపు పొట్టో చల్లి ఎత్తాలి గానీ, సబ్బు నీళ్ళతో కడిగి కాలువలోకి తోయకూడదు. వాకిట్లో ముగ్గు వేసే చోటైతే కింద పాత ఫ్లెక్సీ పరచనిదే పని మొదలుపెట్టనివ్వదు మా ఇంటావిడ, ఆవిడ మాట న్యాయమైనది.

నేను ఆ డబ్బాను సర్వీసు సెంటరుకు తీసుకెళ్తాను. వారి వెనుక షెడ్డులో పీపాలుంటాయి, అనుమతి ఉన్న రీసైక్లరు బండి వచ్చి తీసుకుపోతుంది. మొదట అడిగిన చోట తీసుకోబోమన్నారు. ఇంకొక చోట తీసుకుంటామన్నారు గానీ ఎవరికి అమ్ముతారో చెప్పలేదు, కాబట్టి ఇవ్వలేదు. మూడో చోట రీసైక్లరు ఇచ్చిన రసీదు చూపించారు. అలా అడిగి చూసుకోవడం బోల్టు విప్పడానికి ముందే జరగాలని నేను పట్టుబట్టేది ఇందుకే. ఇంట్లో టబ్బు నిండాక చోటు వెతుక్కునే మనిషి మూడో చోటు దాకా వెళ్ళడు, చీకటి పడ్డాక కాలువ దగ్గరికి వెళ్తాడు. ఖాళీ అయిన డబ్బాను కూడా మేకుతో పొడిచి, లేబుల్ చింపి గానీ పారేయకూడదు, నకిలీ సరుకు నింపేవారికి కావలసింది చెక్కుచెదరని ఖాళీ డబ్బాలే.

"మీరే మార్చుకుంటా ఉంటే మేమేం జెయ్యాల సార్" అని మా మెకానిక్కు నవ్వుతూ అడిగేవాడు. బ్రేకులు, క్లచ్చి, సస్పెన్షను అన్నీ ఆయన చేతి మీదే నడుస్తున్నాయి. ఆయిల్ పని ఆయనకూ పెద్ద సంపాదన కాదు. ఆయనను నేను అడిగే ప్రశ్న కూడా అదే, షెడ్డు పీపా నిండాక ఎవరికిస్తున్నారని. ఇంట్లో చేసుకునేవారికి ఒక నియమం, షెడ్డుకు ఇంకొకటి ఉండకూడదు. నగరపాలక సంస్థ చేయగలిగింది కూడా కొంత ఉంది. ఇళ్ళ నుంచి వచ్చే ప్రమాదకర చెత్త కోసం ఇరవై చదరపు కిలోమీటర్లకొక సేకరణ కేంద్రం పెట్టాలని 2016 ఘన వ్యర్థాల నిబంధనలు చెప్పాయి. రంగు డబ్బాలు, పురుగుమందు డబ్బాలు, బ్యాటరీలు, ట్యూబులైట్లను పేర్కొన్నారు గానీ ఇంజన్ ఆయిల్ పేరెత్తలేదు. అలాంటి కేంద్రంలో మూత ఉన్న ఒక్క పీపా పెట్టి, వారానికొకసారి రీసైక్లరుకు అప్పగించడం పెద్ద ఖర్చు కాదు. అది వచ్చేదాకా, అపార్టుమెంటులో నలుగురి పార్కింగు మధ్య కారు నిలిపేవారు, డబ్బాను మోసుకుని మూడు చోట్లకు తిరిగే ఓపిక లేనివారు షెడ్డులోనే మార్పించుకోవాలి. గడువు మాత్రం తామే నిర్ణయించుకుని, డబ్బా తమ ఎదుటే తెరిపించి, కొత్త ఫిల్టరు ఎక్కిందో లేదో దగ్గరుండి చూసుకోవచ్చు.